సాముశిక్షణ ఎట్లుండవలెను?



ఇటీవల పెక్కు గ్రామములలో పిల్లలు సాము నేర్చుకొందుమని ముచ్చటపడుచున్నారు. ఒకచోట కరాటే, ఒకచోట జూడో, ఒకచోట కుస్తీ, మరియొకచోట మన పాత కర్రసాము. నేర్పెదనని ఎవరో ఒక గురువు పొరుగూరినుండి వచ్చును. బడియావరణమో, గుడిముందరి ఖాళీస్థలమో ఇప్పింపుడని మిమ్ము అడుగును. నెలకింత రుసుమని చెప్పును. అతని వెనుక పదిపండ్రెండుగురు పిల్లలు ఆశతో నిలిచియుందురు. అప్పుడు ఈ విద్య నిజమైనదా, ఈ గురువు చేతిలో మన బిడ్డలను పెట్టవచ్చునా అని నిర్ణయింపవలసినవారు మీరే.

మీలో పెక్కుమందికి సాముతో పరిచయముండక పోవచ్చును. నాకును లేదు. నేను భాషాపండితుడను, ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అయినను ఈ విషయమున నాలుగు మాటలు చెప్ప పూనుకొనుటకు కారణమున్నది. విద్యలు వేరైనను వానిని నేర్పు మార్గమునకు కొన్ని సామాన్యధర్మములు కలవు. వానిని బట్టి ఆ విద్య రానివాడును శిక్షణయొక్క మంచిచెడ్డలను చాలవరకు గుర్తింపవచ్చును. వంట రానివాడును మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదో లేదో చెప్పగలడు గదా! అట్టి మెతుకు ఏదియో చూపుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

సాము మనకు క్రొత్త కాదు. గరిడి, తాలింఖానా, గోదా, వస్తాదు, జెట్టి అను మాటలు మన తాతలనాటివి. అట్లే సాము పేరిట గొప్పలు చెప్పుకొనుటయు మనకు క్రొత్త కాదు. ఉత్తరకుమార ప్రజ్ఞలన్న మాట ఎరుగని తెలుగువాడు లేడు. విరాటుని కొడుకు అంతఃపురకాంతలయెదుట కౌరవులను చీల్చి చెండాడెదనని పలికెను. సేనను కన్నులార చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. ఆ రాకుమారునకు విద్య చెప్పినవారు లేకపోలేదు. విల్లు పట్టుట తెలియనివాడును కాడు. అతనికి లేనిది ఒక్కటియే: తన్ను ఎదిరించి నిలిచినవానితో తలపడిన అనుభవము. అది లేనినాడు నేర్చినదంతయు నోటిలోనే నిలిచిపోవును.

ఈ మాట మన సాహిత్యమునుండియే మరియొక విధముగ చెప్పెదను. అష్టావధానము మీరెల్లరును చూచియుందురు. వేయి పద్యములు కంఠస్థము చేసినవాడు పండితుడు కావచ్చును. అంతమాత్రమున అవధాని కాడు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమక్షరమునకు అడ్డుపడుచుండును. అవధాని వేయదలచిన అక్షరమును ముందుగనే పసిగట్టి అది కూడదనును. అవధాని మరియొక త్రోవ వెదకును. అదియును మూయబడును. అట్లు మూయబడిన త్రోవల నడుమ క్రొత్త త్రోవ తీయగలుగుటయే అతని విద్య. అట్లని కంఠస్థము చేసినది వ్యర్థము కాదు. ధారణ లేనివాడు సభలో కూర్చుండనే జాలడు. కాని ధారణ ఒకటి, అడ్డు తగిలినప్పుడు నడచుట మరియొకటి. సాములోను ఇంతియే. గురువు చూపిన వరుసను గాలిలో చేయుట ధారణ. ఎదుటివాడు అడ్డుపడగా చేయుట అవధానము.

నా ఉద్యోగకాలమున ఒక పాఠశాల వార్షికోత్సవమున సాముప్రదర్శన చూచితిని. పిల్లలు తెల్లని దుస్తులు ధరించి వరుసలు తీరి నిలిచిరి, కేకలు వేసిరి, పెంకులు పగులగొట్టిరి. చూచువారు కరతాళధ్వనులు చేసిరి. పిదప ఇద్దరు బాలురు పోరు చూపిరి. నేను దగ్గరగా కూర్చుండుటచేత ఒక విషయము గమనించితిని. కొట్టువాని చేయి లేవకముందే కాచుకొనువాని చేయి లేచుచుండెను! ఏ దెబ్బ ఎప్పుడు వచ్చునో వానికి ముందే తెలియును. అది నాటకమునకు తగును, ఆపదకు తగదు. అయితే ఆ బాలునకు ఈ భేదము తెలియదు. తనకు పోరు వచ్చునని వాడు నిజముగ నమ్మియుండును. అట్టి నమ్మకమే అన్నింటికంటె అపాయకరమైనది. ఏమియు రానివాడు జగడము వచ్చినచో తప్పుకొని పోవును. వచ్చునని భ్రమపడినవాడు ఎదురు నిలిచి దెబ్బతినును.

కావున మంచి శిక్షణకు మొదటి లక్షణము, ఎదుటివాడు నిజముగ ఎదిరింపగా సాధన చేయించుట. ఇచ్చట ఒక చిక్కున్నది. నిజముగ కొట్టుకొనినచో దంతములు రాలును, కీళ్లు తప్పును, కన్నులు పోవును. ఒక దినము సాధన చేసి నెల దినములు మంచమెక్కినవానికి విద్య ఎట్లు వచ్చును? గాయము కాకూడదని మెల్లగా, ముందుగా చెప్పుకొని చేసినచో నాటకమగును. ఎదిరింపు ఉండవలెను, అవయవములు నిలువవలెను. ఈ రెంటిని కూర్చిన విధానమే నిజమైన శిక్షణావిధానము. ఈ చిక్కును చక్కగా విడదీసిన మహనీయుడొకడు జపాను దేశమున ఉండెను. ఆయనయును మావలె ఉపాధ్యాయుడే. ఆయన కథను కొంచెము వివరముగ చెప్పెదను.

ఆయన పేరు కానో జిగోరో. 1860లో మికాగే అను ఊర బియ్యపు మద్యము తయారుచేయు సంపన్నకుటుంబమున జన్మించెను. చదువున మేటి, దేహమున పొట్టివాడు, బలహీనుడు. బడిలో బలిష్ఠులైన తోటిబాలురు తన్ను బాధించుచుండగా జుజుత్సు అను మల్లవిద్య నేర్వవలెనని అతనికి కోరిక పుట్టెను. కాని కాలము మారిపోయెను. 1868 తరువాత జపానులో పాత యోధవర్గపు ప్రాభవమడగెను. 1876లో ఖడ్గధారణమును ప్రభుత్వము నిషేధించెను. మల్లవిద్య గురువులను అడుగువారు లేకపోయిరి. వారిలో పెక్కుమంది, మన పుత్తూరువైద్యులవలె, విరిగిన ఎముకలకు కట్లు కట్టి బ్రదుకుచుండిరి. కీలు తప్పించుట తెలిసినవానికి కీలు సరిచేయుట తెలియుట సహజమే గదా! కానో టోక్యో నగరమున ఎముకలవైద్యుల ఇండ్లు వెదకికొనుచు పోయి, తుదకు 1877లో ఫుకుదా హచినోసుకె అను గురువును ఆశ్రయించెను.

ఆ గురువు నేర్పిన రీతి పాతరీతి. ఒకనాడు ఈ పట్టులో చేయి ఎట్లుంచవలెను, కాలు ఎట్లు కదపవలెను అని కానో ప్రశ్నింపగా, ఆయన బదులు చెప్పక శిష్యుని పడవేసెను. మరల అడుగగా మరల పడవేసెను. అనుభవమువలన తెలియవలసినదే గాని మాటలవలన కాదని ఆ గురువు భావము. అందులో సత్యము లేకపోలేదు. కాని కానో తాను గురువైనప్పుడు అనుభవమును విడువక, దానికి కారణము చెప్పుటను జోడించెను.

ఆ వ్యాయామశాలలోనే దేహమున పెద్దవాడైన శిష్యుడొకడుండెను. కానో అతనిని ఎట్లును పడవేయలేకపోయెను. ఆ దేశపు సుమో కుస్తీలోని పట్లు ప్రయోగించి చూచెను, సాగలేదు. అప్పుడు గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యమల్లయుద్ధముల పుస్తకములు తిరుగవేసెను. అందు ఎదుటివానిని భుజములపైకి ఎత్తుకొని త్రిప్పి వేయు పట్టొకటి కనబడెను. దానిని అభ్యసించి వచ్చి ఆ పెద్దవానిని పడవేసెను. ఆ పట్టు నేటికిని జూడోలో కలదు. ఈ కథలో గ్రహింపవలసినది ఏమన, తన విద్యలో లోపమున్నదని అతనికి తెలిపినవాడు పడని ప్రత్యర్థి. ఎదుటివాడు మర్యాదకై పడిపోవు చోట అట్టి లోపములు నూరేండ్లకును బయటపడవు.

కానో 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయపు గదిలో సొంతముగ శిక్షణాలయము స్థాపించి కొడోకన్ అని పేరు పెట్టెను. ఆ గది పండ్రెండు చాపల స్థలము. అనగా సుమారు 200 చదరపుటడుగులు. మొదటి సంవత్సరమున చేరిన శిష్యులు తొమ్మిదిమంది. తన విద్యకు జూడో అని పేరిడెను. మృదుమార్గమని దాని యర్థము.

ఇక ఆయన చేసిన ముఖ్యమైన పని వినుడు. పాత జుజుత్సులో గుద్దులు, మర్మస్థానములపై దెబ్బలు, వేళ్లు మణికట్లు విరుచు పట్లు కుప్పలుగ నుండెను. ఇవి ప్రాణాంతకములగుటచేతనే వానిని నిజముగ అభ్యసించుటకు వీలులేదు. వరుస కట్టిన అభినయమున మాత్రమే చూపవలెను. కానో వానిని రెండు భాగములుగ విభజించెను. ప్రమాదకరమైన దెబ్బలను కాటా అను నియతక్రమములో భద్రపరచెను. పడవేయుట, నేలపై అదిమిపట్టుట, గొంతు బిగించుట, కీలు మడచుట అను వానిని రందోరి అను స్వేచ్ఛాసాధనకు విడిచెను. కాలక్రమమున కీలుపట్లలో మోచేతిపై చేయునవి మాత్రమే స్వేచ్ఛాసాధనలో నిలిచెను. ఓడినవాడు చేతితో రెండు తట్లు తట్టినచో గెలిచినవాడు తక్షణము విడువవలెను. అటువంటి స్వేచ్ఛాసాధన కొన్ని పాతశాఖలలోను ఉండెను గాని, దానిని శిక్షణకు ప్రాణముగ నిలిపినవాడు కానోయే.

చూడుడు, ఇందలి వింత! ఘోరమైన దెబ్బలను తీసివేసినచో విద్య మెత్తబడి పోవలెను గదా? అట్లు కాలేదు. ప్రాణాంతకమైన పట్టును ఏడాదికొకసారి అభినయించినవానికంటె, సామాన్యమైన పట్టును దినమునకు ముప్పదిమారులు, పడనని పంతముపట్టినవానిపై ప్రయోగించినవాడు మేటియగును. కొలదికాలములోనే టోక్యో పోలీసువారు కానో శిష్యులను తమకు శిక్షకులుగ తీసికొనిరి. విషము తీసిన పామువలె కాక, ఒరలోని కత్తివలె ఆ విద్య నిలిచెను. ఒర ఉన్నది గనుకనే కత్తిని నిత్యము వెంట ఉంచుకొనవచ్చును.

రెండవది, పడుట నేర్పుట. కొడోకన్‌లో క్రొత్తవానికి పడవేయుట కంటె ముందు పడుట నేర్పుదురు. గడ్డము రొమ్మునకు ఆనించి తల నేలకు తగులకుండ కాచుకొనవలెను. చేయి చాచి అరచేతితో చాపను చరచి దెబ్బను దేహమంతటను పంచవలెను. ఇది రాకముందు పోరునకు దింపరాదు. అభిమన్యుని కథ మనకు తెలిసినదే. వ్యూహములోనికి పోవుట నేర్చెను. వెలికి వచ్చుట నేర్వలేదు. పడవేయుట మాత్రము నేర్పి పడుట నేర్పని గురువు మన పిల్లలను అట్టి వ్యూహములోనికి పంపుచున్నాడని తెలిసికొనుడు.

మూడవది, కారణము చెప్పుట. ఎదుటివానిని పడవేయుటకు ముందు వాని నిలుకడ తప్పింపవలెనని కానో బోధించెను. దీనిని కుజుషి యందురు. మన పెరటిలో బరువైన రోలున్నదనుకొనుడు. తిన్నగా ఎత్తబోయినచో ఇద్దరికిని నడుము పట్టును. ఒక అంచుమీదికి వంచి దొర్లించినచో ఒక్కడే దానిని వాకిటికి చేర్చును. మనుష్యుని పడవేయుటయు అంతే. ముందు వంచవలెను, పిదప తాను తగినచోట చేరవలెను, అటుపిమ్మట వేయవలెను. ఈ సూత్రము తెలిసిన శిష్యుడు గురువు చూపని సందర్భములో సైతము తనకు తాను దారి వెదకికొనును. సూత్రము తెలియనివాడు లెక్కలపుస్తకములోని జవాబులు వల్లించిన విద్యార్థివంటివాడు. అంకె మారినచో నిలిచిపోవును.

నాలుగవది, మెట్లు. కానో 1883లోనే శిష్యులకు దాన్ అను శ్రేణులు ఏర్పరచెను. నల్లని నడికట్టు ఆ శ్రేణికి గుర్తు. రంగురంగుల నడికట్లు పిదప ఐరోపాఖండమున వ్యాపించి మనవరకు వచ్చినవి. మెట్లుండుట మంచిదే, బడిలో తరగతులుండుటవంటిది. కాని తరగతి పెరుగుటకు పరీక్ష ఉండవలెను, ఆ పరీక్షలో ఎదుటివాడుండవలెను. రుసుము చెల్లించిన ప్రతివానికి ఆరునెలలకొక రంగు కట్టుచు పోయినచో అది నడికట్టుల వ్యాపారమే కాని శిక్షణ కాదు.

ఇట్టి విధానమువలన బలహీనులకు మేలు కలిగినదా అని మీరడుగవచ్చును. ఒక్క యుదాహరణము చెప్పెదను. కానోకు తొలిగురువైన ఫుకుదా హచినోసుకె మనుమరాలు ఫుకుదా కెయికో 1913లో జన్మించెను. ఐదడుగుల ఎత్తైనను లేని స్త్రీ. 1935లో కానో శిక్షణాలయమున చేరి, పిదప అమెరికాలో స్థిరపడి జీవితాంతము జూడో నేర్పెను. 2011లో ఆమెకు పదవ శ్రేణి లభించెను. 2013లో తొంబదితొమ్మిదవ ఏట మరణించెను. ఆడుబిడ్డలకు ఈ విద్య ఏలయని సందేహించు పెద్దలు ఆమె చరిత్రము తలచుకొనవలెను. కానో మాత్రము టోక్యో ఉన్నత ఉపాధ్యాయశిక్షణ కళాశాలకు ఇరువది యేండ్లకు పైగా అధ్యక్షుడై యుండి, 1938లో విదేశమునుండి ఓడలో మరలివచ్చుచు మరణించెను. 1964లో జూడో ఒలింపిక్ క్రీడలలో చేరెను. 1992లో స్త్రీల పోటీలును చేరెను. మన దేశమునకు ఆ విద్య అంతకు చాలముందే వచ్చినది. 1929లో రవీంద్రనాథ ఠాకూరు తకగాకి షింజో అను జూడో గురువును శాంతినికేతనమునకు పిలిపించి బాలబాలికలకు నేర్పించెను.

ఇది జపాను విద్యయొక్క గొప్ప యని మాత్రము తలంపకుడు. ఈ ధర్మమే మన గోదాలోను కలదు. మట్టిని త్రవ్వి, జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు మొదలగునవి కలిపి మెత్తపరచుట ఎందుకు? పడినవానికి దెబ్బ తగులకుండుటకు. దండీలు, బస్కీలు తీయించుట ఎందుకు? పట్టు పట్టునప్పుడు నడుము, తొడలు నిలుచుటకు. అయితే దండీలు తీయుటయే కుస్తీ కాదు. ప్రతిదినము జోడుతో గోదాలోనికి దిగవలెను. 1878లో జన్మించిన గామా పహిల్వాను 1910లో లండను నగరమున పోలెండు దేశపు మల్లుడు జ్బిస్కోతో రెండు గంటలకు పైగా పోరి నిలిచెను. 1928లో పటియాలాలో అతనినే నిమిషమైనను కాకముందు పడవేసెను. అట్టి మల్లులను సిద్ధముచేసినది అద్దముముందటి సాధన కాదు, గోదాలో నిత్యము జోడుతో పట్టిన పట్టు. బలము వేరు, పోరు వేరు అన్న భేదమునుకూడ మరువరాదు. మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఏనుగును రొమ్ముపై నిలుపుకొని లోకమును ఆశ్చర్యపరచెను. ఆ దేహబలము వందనీయము. కాని బలము పునాది. పునాదిమీద ఇల్లు కట్టవలసియే యున్నది.

కత్తిసాములోను ఇట్టి మార్పు జరిగినది. జపానులో పూర్వము కొయ్యకత్తులతో సాధన చేయుచుండిరి. కొయ్యకత్తి తగిలిన ఎముక విరుగును. కావున దెబ్బను మధ్యలోనే ఆపవలసివచ్చెను. 18వ శతాబ్దమున వెదురుబద్దల కత్తియు, ముఖమునకు, చేతులకు, రొమ్మునకు కవచములును వాడుకలోనికి వచ్చినవి. అప్పటినుండి దెబ్బను ఆపక వేయుటకు వీలు కలిగెను. నేటి కెండో దానినుండి వచ్చినదే. మన కర్రసాము గురువులు సైతము తలకు, చేతులకు రక్షణ కల్పించి, మెత్తని తొడుగు కర్రలతో స్వేచ్ఛగా పోరు చేయించినచో ఆ విద్య ఉత్సవముల అలంకారముగ మాత్రము మిగులక జీవించును.

వరుస యన్నదానికి కేరళదేశపు కళరిపయట్టు మంచి యుదాహరణము. అచ్చట నేలను త్రవ్వి, నలుబదిరెండడుగుల పొడవు, ఇరువదియొక అడుగు వెడల్పు గల గుంటగా కళరి నిర్మింతురు. మొదట దేహసాధన, పిదప కర్రలు, అటుపిమ్మట లోహాయుధములు, తుదకు వట్టిచేతుల పోరు. గురుక్కళ్ అనబడు గురువునకు నూనెమర్దనము, దెబ్బలకు చికిత్సయు తెలిసియుండును. గాయపరచు విద్య నేర్పువానికి గాయము మాన్పు విద్యయు తెలియుట ఎంత యుక్తము!

ఇన్ని చెప్పినను, మంచి విధానమున్నంతమాత్రమున చాలదనుటకు జపాను దేశమే సాక్ష్యమిచ్చుచున్నది. అచ్చటి పాఠశాలలలో 1983 మొదలు 2011 వరకు జూడోవలన 100 మందికి పైగా విద్యార్థులు మరణించిరి. తలకు తగిలిన దెబ్బలే అందు ప్రధానకారణము. చనిపోయినవారిలో క్రొత్తగా చేరిన మొదటి సంవత్సరపు పిల్లలు ఎక్కువ. పడుట రాని పసివారిని అనుభవశాలులకు అప్పగించి పదేపదే పడవేయించుట, తలనొప్పి యన్నను సాధన మాన్పకుండుట మొదలగు తప్పులు బయటపడినవి. కానో పుట్టిన దేశమునను, కానో మొదట పడుట నేర్పుడన్న విద్యలోనే ఇట్లు జరిగెను. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు సంఘముగ ఏర్పడి అడిగినపిదపనే ఆ లెక్కలు నలుగురిదృష్టికి వచ్చినవి. మన గ్రామములలో అడుగవలసినవారు మీరు. అడుగవలసిన కాలము ఆపద రాకముందు.

కొందరు గురువులు ఒక ఆక్షేపణ చెప్పుదురు. మా విద్య వీధిపోరునకు సంబంధించినది. మా పట్లు ఘోరమైనవి. వానిని నిజముగ ప్రయోగించి చూపరాదు. నియమములు గల క్రీడలు ఆపదలో పనికిరావు అని. ఇందులో ఒక్క పాలు నిజమున్నది. గోదాలో ఒక్కడే యుండును, కత్తి యుండదు, నేల మెత్తనిది. వీధిలో ముగ్గురుండవచ్చును, కత్తి యుండవచ్చును. కాని ఒక్కనిని, వట్టిచేతులవానిని, మెత్తని నేలమీద నిలుపలేనివాడు ముగ్గురిని రాతినేలమీద ఎట్లు నిలుపగలడు? నియమబద్ధమైన పోరు మొత్తము విద్య కాకపోవచ్చును. అది లేని విద్య మాత్రము విద్యయే కాదు. కత్తి ఎదుట మొదటి ఉపాయము పరుగెత్తుటయేయని చెప్పు గురువు నిజము చెప్పుచున్నాడు. కత్తిని వట్టిచేత లాగికొనుట నెలలో నేర్పెదనను గురువు మీ బిడ్డ ప్రాణముతో జూదమాడుచున్నాడు. బడులలో ఆడుపిల్లలకు కొలదినెలలపాటు నేర్పు ఆత్మరక్షణ పాఠములును మంచివే. కేక వేయుట, చేయి విడిపించుకొనుట, పారిపోవుట వానివలన వచ్చును. అంతకంటె ఎక్కువ ఆశింపరాదు, ఆశపెట్టరాదు.

కావున గురువు మీ యెదుట నిలిచినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు. మొదటిది: మా పిల్లలు వారమునకు ఎన్నిమారులు, ఒడంబడిక లేని ప్రత్యర్థితో సాధన చేయుదురు? రెండవది: చేరిన ఎన్ని దినములకు పడుట నేర్పుదువు, ఎన్ని దినములకు పోరునకు దింపుదువు? మూడవది: చిన్నవానికి చిన్నవానిని, క్రొత్తవానికి క్రొత్తవానిని జోడుకూర్చుదువా? నాలుగవది: తలకు దెబ్బ తగిలినచో ఏమి చేయుదువు? ఆ దినము సాధన మాన్పి, వైద్యునియొద్దకు పంపి, ఆయన సరేయన్నపిదపనే మరల దింపుదునని చెప్పవలెను. ఐదవది: నీ శిష్యులు పొరుగు గురువుల శిష్యులతో ఎప్పుడైన తలపడిరా? ఆరవది: ఓడినవానిని ఏమందువు? ఈ కడపటి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమని నా మతము. ఓటమికి అవమానించు చోట పిల్లవాడు ఓడకుండుటకై తనకు వచ్చిన రెండు పట్లనే పట్టుకొని వ్రేలాడును, క్రొత్తది ప్రయత్నింపడు. ఓడినవానికి తప్పు చూపి మరల దింపు చోట వాడు పెరుగును. బడిలో తప్పు చెప్పినవానిని బెత్తముతో కొట్టినచో ఆ తరగతిలో మరి ఎవ్వడును చేయి ఎత్తడు. ఇది ఉపాధ్యాయులమైన మాకు అనుభవమే.

మాటలలో జవాబు విని ఊరకుండకుడు. ఒకనాడు సాధనవేళకు ముందుగ చెప్పక పోయి, అరగంట ఒక మూల కూర్చుండి చూడుడు. గురువు ఎంత చక్కగా చేయుచున్నాడని చూడవలదు. ఏడాదినుండి నేర్చుచున్న శిష్యుని చూడుడు. వాని ఎదుటివాడు నిజముగ ప్రతిఘటించుచున్నాడా? వాని పట్టు ఒకప్పుడు తప్పి, ఒకప్పుడు పడుచున్నదా? ఎన్నడును తప్పని పట్టు అభినయము. ఎన్నడును పడని పట్టు వృథాశ్రమ. తప్పుచు, పడుచు, దినదినమునకు తప్పుటలు తగ్గుచున్న చోట విద్య యున్నది. చూపింప నిరాకరించు గురువునకు స్థలమియ్యకుడు.

ఇంతకును ఈ విద్యల ఫలము పోరు కాదు. పది సంవత్సరములు నిజమైన ప్రత్యర్థులతో తలపడినవానికి తన బలమెంతయో, ఎదుటివాని బలమెంతయో తెలియును. అట్టివాడు తిరునాళ్లలో, సంతలో, ఎన్నికలవేళ చేయి చేసికొనుటకు తొందరపడడు. నేర్చినట్లు భ్రమపడినవాడే ముందు దూకును. కానో తన శిష్యులకు తుదకు ఉపదేశించినది రెండు మాటలు: శక్తిని సద్వినియోగము చేయుడు, నీవును ఎదుటివాడును కలిసి వృద్ధిపొందుడు. రెండవ మాట సాధనశాలలో ప్రత్యక్షముగ కనబడును. నన్ను గట్టిగ ఎదిరించు తోటివాడు లేనిదే నాకు విద్య రాదు. వానిని నేను గాయపరచితినేని రేపు నన్ను ఎదిరించువాడుండడు. ఊరిలోని వీధివీధి పిల్లలు, ఆ కులము ఈ కులమని లేక, ఒకరినొకరు పట్టుకొని, పడవేసి, చేయిచ్చి లేపుకొను చోటు మీ గ్రామమున ఒకటి ఏర్పడునేని అది గుడికిని బడికిని తగిన తోబుట్టువే యగును. దానికి స్థలమిచ్చుటయు, దానిని కనిపెట్టి చూచుటయు పెద్దల ధర్మము.

సెలవు.